ఎర్లీ డెసిషన్‌లో సీటు వచ్చాక మిగతా అప్లికేషన్ల సంగతి: న్యూజెర్సీలో ఒక కేసు

2024 డిసెంబర్ మధ్యలో ఒక తెలుగు అమ్మాయికి న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక ప్రైవేటు యూనివర్సిటీలో ఎర్లీ డెసిషన్ (సీటు వస్తే అక్కడే చేరతామని ముందే మాట ఇచ్చి అప్లై చేసే పద్ధతి) కింద సీటు వచ్చింది. సబ్జెక్టు బయాలజీ. అప్పటికి ఆమె అప్లికేషన్లు ఇంకో పదకొండు చోట్ల ఉన్నాయి. వాటన్నిటినీ వెనక్కి తీసుకోవడం ఒక్క పూట పని. ఈ ఇంట్లో అది పూర్తయ్యేసరికి నెల దాటింది. ఆ నెలలో కొంత ఆలస్యానికి న్యాయమైన కారణం ఉంది, కొంతదానికి లేదు. రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉండటం వల్లే ఈ కేసు రాయాలనిపించింది. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను.

నేను న్యూజెర్సీలో కాలేజ్ అడ్మిషన్ల కౌన్సెలింగ్ చేస్తాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో తెలుగువాళ్ళు ఎక్కువ. ఎర్లీ డెసిషన్ అంటే ఏమిటో వాళ్ళలో చాలామందికి తెలుసు, కానీ మాటవరసకి తెలుసు. కామన్ యాప్‌లో (ఒకే ఫారంతో చాలా కాలేజీలకి అప్లై చేసే వెబ్‌సైట్) ఆ ఒప్పందం మీద ముగ్గురు సంతకం పెడతారు: విద్యార్థి, తల్లిదండ్రుల్లో ఒకరు, స్కూల్ కౌన్సెలర్. సీటు వస్తే చేరతాం, మిగతా అప్లికేషన్లు వెంటనే వెనక్కి తీసుకుంటాం, ఏ దేశంలోనూ కొత్తగా అప్లై చేయం అన్నది దాని సారాంశం. "ఏ దేశంలోనూ" అన్నది చాలామంది చూడరు. హైదరాబాద్ నుంచి అప్లై చేసే పిల్లలు ఇంగ్లండ్‌కి కూడా పెట్టుకుని ఉంటే అదీ ఇందులోకే వస్తుంది. ఫైనాన్షియల్ ఎయిడ్ అడిగినవాళ్ళకి మాత్రం ఒక వెసులుబాటు ఉంది. ఎయిడ్ సంగతి తేలేదాకా మిగతా అప్లికేషన్లు అలాగే ఉంచుకోవచ్చు. వచ్చిన ఎయిడ్‌తో చేరడం నిజంగా సాధ్యం కాకపోతే సీటు వదులుకుని ఒప్పందం నుంచి బయటపడవచ్చు.

కేసంతా ఈ వెసులుబాటు చుట్టూనే తిరిగింది.

ముందు ఇంటి పరిస్థితి చెప్పాలి. తల్లిదండ్రులిద్దరూ ఐటీ. అమ్మాయి ఇక్కడే పుట్టింది. తమ్ముడు టెన్త్ గ్రేడ్. 2024 వేసవిలో తండ్రి ఉద్యోగం పోయింది. కొన్ని నెలల తర్వాత వేరే కంపెనీలో తక్కువ జీతానికి చేరారు. హైదరాబాద్ మియాపూర్‌లో ఒక ఫ్లాట్ ఉంది, అద్దె వస్తుంది. ఆ అద్దెతోనే ఆయన అమ్మానాన్నల ఖర్చులు గడుస్తాయి.

అమ్మాయి అప్లికేషన్లు: రట్గర్స్, పెన్ స్టేట్, మేరీలాండ్, ఇల్లినాయి, పర్డ్యూ, ఈ ఐదూ ఎర్లీ యాక్షన్, అంటే ముందుగా అప్లై చేసినా చేరి తీరాలన్న కట్టుబాటు లేని పద్ధతి. పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ రోలింగ్ పద్ధతిలో, అంటే అప్లికేషన్లు వచ్చినవి వచ్చినట్టే చూస్తుంది కాబట్టి అక్కడ నవంబర్‌లోనే సీటు వచ్చేసింది. కాలిఫోర్నియా యూనివర్సిటీకి చెందిన నాలుగు క్యాంపస్‌లకి నవంబర్ ఆఖరున పెట్టారు, క్యాంపస్‌కి 80 డాలర్ల చొప్పున. ఇవి కాక న్యూజెర్సీలోనే డిగ్రీ, మెడిసిన్ కలిపి ఉండే ఏడేళ్ళ బీఎస్-ఎండీ ప్రోగ్రాం ఒకటి. జనవరి మొదటివారం గడువు ఉన్న మరో మూడు కాలేజీల వ్యాసాలు సగం సగం రాసి ఉన్నాయి.

ఈ బీఎస్-ఎండీ తండ్రి కోరిక. మన ఇళ్ళలో దీనికి ఉన్న ఆకర్షణ వేరే ఎక్కడా చూడలేదు. హైస్కూల్ నుంచే మెడికల్ సీటు దాదాపు ఖాయం, డిగ్రీ మధ్యలో మళ్ళీ పోటీ పడనక్కర్లేదు అన్నది తల్లిదండ్రులకి పెద్ద ఊరట. పదిహేడేళ్ళ పిల్లకి అది ఊరటో కాదో అడిగేవాళ్ళు తక్కువ.

సీటు వచ్చిన రాత్రి తండ్రి ఫోన్ చేశారు. సంతోషం అయ్యాక అసలు మాట బయటికి వచ్చింది.

"మేడం, మిగతావన్నీ ఇప్పుడే తీసేయాలా? ఫీజులు కట్టాం కదా. ఎక్కడెక్కడ వస్తుందో చూసుకుని తీసేస్తే పోలా?"

"సంతకం పెట్టారు కదండీ."

"పెట్టాంలెండి. కానీ మా టైంలో ఎంసెట్ మొదటి కౌన్సెలింగ్‌లో వచ్చిన సీటు చేతిలో పెట్టుకునే కదా రెండోదానికి వెళ్ళేవాళ్ళం. ఇదీ అలాంటిదే కదా?"

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. అడగడంలో తప్పు లేదు, వాళ్ళు చూసిన అడ్మిషన్ పద్ధతి అది. అక్కడ కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లన్నీ ఒకే కన్వీనర్ చేతిలో ఉంటాయి. మెరుగైన సీటు దొరికితే పాతది తనంతట తనే ఇంకొకరికి పోతుంది. ఎవరూ ఎవరికీ మాట ఇవ్వక్కర్లేదు. ఇక్కడ అలాంటి కన్వీనర్ లేడు. ఒక కాలేజీలో ఏం జరిగిందో ఇంకో కాలేజీకి మనం చెబితేనే తెలిసేది. ఎర్లీ డెసిషన్‌లో ఆ కాలేజీ ఒక సీటుని "ఈ పిల్ల తప్పకుండా వస్తుంది" అన్న నమ్మకం మీద ఇస్తుంది. అమ్మాయికి దొరికిన అవకాశంలో కొంత ఆ మాట వల్ల దొరికిందే.

"తీయకపోతే ఎవరికి తెలుస్తుంది?" అన్నది తర్వాతి ప్రశ్న. దీనికి నేను బెదిరింపు జవాబు ఇవ్వను, ఎందుకంటే అది నిజం కాదు. ఎర్లీ డెసిషన్ తప్పినందుకు ఏ కాలేజీ ఏ కుటుంబాన్నీ కోర్టుకి ఈడ్చదు. ఒకప్పుడు కొన్ని కాలేజీలు ఎర్లీ డెసిషన్‌లో సీటు ఇచ్చిన పిల్లల పేర్లు ఒకదానికొకటి పంపుకునేవి. 2018లో అమెరికా న్యాయశాఖ యాంటీట్రస్ట్ కోణంలో (పోటీ లేకుండా సంస్థలు కుమ్మక్కవుతున్నాయా అని) దాని మీద విచారణ మొదలుపెట్టాక ఆ అలవాటు మీద అందరూ జాగ్రత్తపడ్డారు. 2019లో కౌన్సెలర్ల జాతీయ సంఘం నాకాక్, న్యాయశాఖ ఒత్తిడి మీదే తన నియమావళిలోంచి కొన్ని నిబంధనలు తీసేసింది. కాబట్టి రహస్య జాబితా ఒకటి తిరుగుతూ ఉంటుందని చెప్పి భయపెట్టడం సరికాదు.

అలాగని ఏమీ కాదనీ కాదు. స్కూల్ కౌన్సెలర్‌కి తెలుస్తుంది. ఆమె సంతకం కూడా అందులో ఉంది. జనవరిలో మిడ్-ఇయర్ రిపోర్టు (సగం ఏడాది మార్కులు) ఎక్కడెక్కడికి పంపాలో, జూన్‌లో ఫైనల్ ట్రాన్స్‌క్రిప్ట్ ఎక్కడికి పంపాలో చూసేది ఆమే. సీటు వచ్చిందని తెలియగానే మిగతా కాలేజీలకి కాగితాలు పంపడం ఆపేసే స్కూళ్ళు చాలా ఉన్నాయి. పైగా కాలేజీలు పిల్లని మాత్రమే కాదు, స్కూల్‌ని కూడా గుర్తుపెట్టుకుంటాయి. ఈ కేసు తర్వాత, 2025లో, తులేన్ యూనివర్సిటీ కొలరాడోలోని ఒక హైస్కూల్ పిల్లలకి ఏడాది పాటు ఎర్లీ డెసిషన్ అవకాశం లేకుండా చేసింది. అంతకుముందు అక్కడి విద్యార్థి ఒకరు మాట తప్పడం దానికి కారణం. అది పత్రికలకెక్కింది. తప్పింది ఒకరు, అవకాశం పోయింది తర్వాతి బ్యాచ్‌కి. ఈ అమ్మాయి తమ్ముడు చదివేదీ అక్క స్కూల్లోనే అన్నది తండ్రికి నేను గుర్తు చేయనక్కర్లేకపోయింది, తల్లే చేశారు.

ఇక డబ్బు

సీటుతో పాటే ఎయిడ్ ఉత్తరం కూడా వచ్చింది. అక్టోబర్‌లో కాలేజీ వెబ్‌సైట్‌లోని నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ (ఎయిడ్ పోగా ఎంత పడుతుందో అంచనా చెప్పేది) చూపించిన గ్రాంటులో సగం కూడా లేదు అందులో. ఇల్లంతా డీలా పడింది. తండ్రి గొంతులో మాత్రం చిన్న ఆశ కూడా వినిపించింది, దాని సంగతి తర్వాత.

తేడా ఎక్కడ వచ్చిందో వెతకడం కష్టం కాలేదు. కాలిక్యులేటర్ నింపినప్పుడు మియాపూర్ ఫ్లాట్ వేయలేదు. సీఎస్ఎస్ ప్రొఫైల్ (ఎయిడ్ కోసం ఆదాయం, ఆస్తులు చెప్పే ఫారం) నింపినప్పుడు వేశారు, వేయాలి కూడా, ఎందుకంటే ఉంటున్న ఇల్లు కాక వేరే ఆస్తి ఏ దేశంలో ఉన్నా అది అడుగుతుంది. మన కుటుంబాల్లో చాలామంది ఊళ్ళో పొలాన్నీ హైదరాబాద్ ఫ్లాట్‌నీ "అది మన లెక్కలో లేదు" అనుకుంటారు. కాలేజీ లెక్కలో ఉంటుంది. రెండో కారణం, 2025-26 సంవత్సరం ఎయిడ్‌కి చూసేది 2023 ఆదాయం. ఆ ఏడాది తండ్రి పాత జీతం మీద ఉన్నారు. ఉద్యోగం పోవడం, కొత్త జీతం తగ్గడం ఆ ట్యాక్స్ కాగితాల్లో ఎక్కడా కనిపించదు.

ఇది న్యాయమైన అభ్యర్థన. ఎయిడ్ ఆఫీసుకి రివ్యూ కోరుతూ రాయించాను: పాత కంపెనీ ఇచ్చిన లేఆఫ్ ఉత్తరం, కొత్త జీతం స్లిప్పులు, నిరుద్యోగ భృతి కాగితం, ఫ్లాట్ అద్దె ఎవరి ఖర్చుకి పోతోందో ఒక పేరా. ఏడుపులు లేకుండా, అంకెలతో. అదే రోజు అడ్మిషన్ల ఆఫీసుకి కూడా అమ్మాయి చేత ఒక మెయిల్ పెట్టించాను: మీ కాలేజీకే రావాలనుకుంటున్నాను, ఎయిడ్ రివ్యూ నడుస్తోంది, సీటు ఖాయం చేసుకునే డిపాజిట్ గడువు కొద్దిగా పెంచగలరా అని. రెండు వారాలు పెంచారు. ఈ రెండో మెయిల్‌ని చాలామంది మర్చిపోతారు. రివ్యూ నడుస్తున్నంత మాత్రాన డిపాజిట్ గడువు దానంతట అది ఆగదు.

స్కూల్ కౌన్సెలర్‌కి కూడా అన్నీ చెప్పించాం. ఆమెకి తెలియకుండా ఏదీ జరగకూడదన్నది నా పద్ధతి.

అప్పుడు వచ్చింది అసలు ప్రశ్న. రివ్యూ తేలేదాకా మిగతా పదకొండూ ఉంచుకోవచ్చా? ఒప్పందం మాటల ప్రకారం చూస్తే వాదించవచ్చు. నేను మాత్రం అన్నీ ఒకే గాటన కట్టను. ఆ వెసులుబాటు ఇచ్చింది దేనికి? డబ్బు చాలక ఈ సీటు వదులుకోవాల్సి వస్తే పిల్ల రోడ్డున పడకుండా. అంటే ఉంచుకోదగ్గవి ఈ కాలేజీ కన్నా చవకగా పడే అవకాశం ఉన్నవి మాత్రమే. అంతకన్నా ఖరీదైనవి ఉంచుకుని "డబ్బు కోసం ఆగాం" అంటే ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా.

ఆ జల్లెడ పట్టాక జాబితా చాలా తగ్గింది. కాలిఫోర్నియా క్యాంపస్‌లు మొదట పోయాయి. వేరే రాష్ట్రం పిల్లలకి అక్కడ మామూలు ఫీజు మీద 2025-26లో ఏడాదికి 37 వేల డాలర్లకు పైగా అదనం, ఎయిడ్ నామమాత్రం. వాళ్ళకి ఆ లెక్క నవంబర్‌లోనే తెలిసి ఉంటే 320 డాలర్లు మిగిలేవి. ఇల్లినాయి, పర్డ్యూ, మేరీలాండ్ కూడా తీసేశాం. వేరే రాష్ట్రం ఫీజు, ప్రయాణాలు కలుపుకుంటే రివ్యూకి ముందున్న ప్యాకేజీకీ వాటికీ పెద్ద తేడా లేదు, పిల్లకి వాటి మీద మనసూ లేదు. సగం రాసిన మూడు వ్యాసాలు అక్కడితో ఆపించాం. పెన్ స్టేట్ నుంచి క్రిస్మస్ ముందే సీటు వచ్చింది, దాన్ని వదులుకున్నాం. మిగిలినవి రట్గర్స్, సీటు చేతిలో ఉన్న పిట్స్‌బర్గ్. ఆ బీఎస్-ఎండీ.

బీఎస్-ఎండీ ఇంటర్వ్యూ

జనవరి మొదటివారంలో ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. తండ్రి ఆశ ఇదే. ఎయిడ్ రివ్యూ ఇంకా తేలలేదు కాబట్టి ఇంటర్వ్యూకి వెళ్ళడంలో తప్పేముంది, అదీ న్యూజెర్సీలోనే కదా, ఖర్చు తక్కువే కదా అని ఆయన వాదన. నా జల్లెడ నాకే అప్పజెప్పారన్నమాట. వాదన బలమైనదే.

ముందు అమ్మాయితో విడిగా మాట్లాడాను. తల్లిదండ్రులు పక్కన ఉంటే మన పిల్లలు ఇలాంటి విషయాల్లో నోరు విప్పరు. "నాకు రీసెర్చ్ ఇష్టం ఆంటీ. డాక్టర్ అవుతానో లేదో ఇప్పుడే ఎలా చెప్పను? అప్లికేషన్ నాన్న కోసం పెట్టాను. ఇంటర్వ్యూలో 'నీకు మెడిసిన్ ఎందుకు' అంటే ఏం చెప్పాలి?" అంది. ఈ మాట తండ్రికి తనే చెప్పాలి, నేను చెప్పకూడదు అన్నాను. సరేనంది, కానీ ముందు మీరు మాట్లాడండి అంది.

తండ్రిని ఒకటే అడిగాను. "ఎర్లీ డెసిషన్‌లో సీటు ఇచ్చిన కాలేజీ ఇవాళే ఫీజు మొత్తం మాఫీ చేసిందనుకోండి. అప్పుడు కూడా ఈ ఇంటర్వ్యూకి పంపిస్తారా?"

కాసేపు ఆగి, "పంపిస్తానండీ," అన్నారు. నిజాయితీ గల మనిషి.

"అయితే ఇందులో డబ్బు సంగతి లేదు కదా."

తల్లి అప్పటిదాకా ఏమీ అనలేదు. "సంతకం పెట్టింది మీరే కదండీ. పిల్ల ఎంత చెప్పినా వినకుండా ముందు ఈ కాలేజీకే పెట్టమన్నదీ మీరే," అన్నారు. నాకు ఈ రెండో సంగతి అప్పటిదాకా తెలియదు. అమ్మాయి ఎర్లీ డెసిషన్ వద్దు, అన్నీ ఎర్లీ యాక్షన్‌లే పెడతానని అక్టోబర్‌లో అడిగిందట. పేరున్న కాలేజీ, ఎర్లీలో పెడితే అవకాశం ఎక్కువ అని తండ్రి ఒప్పించారట. ఆ తర్వాత ఆమెకి ఆ కాలేజీ నిజంగానే నచ్చింది. ఆయన మాత్రం ఇంకో వైపు చూడటం మొదలుపెట్టారు.

ఆ రాత్రి ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. మర్నాడు అమ్మాయి అప్లికేషన్ వెనక్కి తీసుకుంటున్నానని బీఎస్-ఎండీ ప్రోగ్రాం ఆఫీసుకి మెయిల్ పెట్టింది. అప్పటికి ఎయిడ్ రివ్యూ ఫలితం రాలేదు. అంటే డబ్బు ఏమవుతుందో తెలియకుండానే దాన్ని వదులుకున్నారు. ఆ ప్రోగ్రాంలలో సీట్లు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని, ఇంటర్వ్యూ పిలుపులూ తక్కువే. రానని ముందే చెబితే ఆ స్లాట్ ఇంకొకరికి ఇచ్చే వీలుంటుంది. సాధారణ అడ్మిషన్లలో అలా ఒకటికొకటి లెక్క ఉండదు. కాలేజీలు ఎంతమంది చేరరో అంచనా వేసుకుని సీట్ల కన్నా ఎక్కువమందినే పిలుస్తాయి కాబట్టి, మన అప్లికేషన్ తీయగానే పక్కింటి పిల్లకి సీటు వచ్చేస్తుందని చెప్పడం అతిశయోక్తి.

ఎలా తీశాం

పద్ధతి మీద చాలామంది అనవసరంగా కంగారు పడతారు. కామన్ యాప్‌లో ఒకసారి పంపిన అప్లికేషన్‌ని అక్కడినుంచే వెనక్కి తీసుకునే బటన్ లేదు. ఏ కాలేజీకి ఆ కాలేజీకే చెప్పుకోవాలి. కొన్నిటి పోర్టల్‌లో విత్‌డ్రా లింకు ఉంటుంది, లేనిచోట అడ్మిషన్ల ఆఫీసుకి మెయిల్. కాలిఫోర్నియాకి ఒకే అప్లికేషన్‌తో నాలుగు క్యాంపస్‌లకీ పెట్టినా, తీసేటప్పుడు ఒక్కో క్యాంపస్‌తో విడిగా చూసుకున్నాం. సీటు ఇంకా రానిచోట విత్‌డ్రా అంటారు. వచ్చేసినచోట, అంటే పిట్స్‌బర్గ్, పెన్ స్టేట్‌లలో, ఆఫర్ వద్దని పోర్టల్‌లోనే డిక్లైన్ నొక్కాలి.

మెయిల్ అమ్మాయే రాసింది, అప్లికేషన్‌లో ఇచ్చిన మెయిల్ ఐడీ నుంచే. తండ్రి రాస్తే కాలేజీ వాళ్ళు మళ్ళీ విద్యార్థినే అడుగుతారు. పూర్తి పేరు, పుట్టిన తేదీ, కామన్ యాప్ నంబరు, ఏ సంవత్సరం ఫాల్‌కి అప్లై చేసిందో, ఎర్లీ డెసిషన్‌లో ఇంకోచోట సీటు వచ్చినందువల్ల అప్లికేషన్ వెనక్కి తీసుకుంటున్నానని ఒక వాక్యం, థాంక్స్. అంతే. ఎక్కడ వచ్చిందో చెప్పక్కర్లేదు. మొదటి చిత్తులో ఆమె ఒక్కో కాలేజీకి క్షమాపణలతో పేజీ రాసింది. కొట్టేయించాను. అడ్మిషన్ల ఆఫీసులో ఆ మెయిల్ చదివేవాళ్ళకి కావాల్సింది ఫైలు మూయడానికి సరిపడా వివరాలే. అందరికీ కలిపి ఒకే మెయిల్ పెట్టే తెలివితేటలు మాత్రం వద్దు.

వచ్చిన జవాబులన్నీ ఒక ఫోల్డర్‌లో దాచమన్నాను. జవాబు రానిచోట వారం ఆగి మళ్ళీ రాసింది. స్కాలర్‌షిప్‌లకీ ఆనర్స్ కాలేజీకీ వేరే ఫారాలు నింపినచోట వాటినీ విడిగా రద్దు చేయాలి. ఒక పూర్వవిద్యార్థితో ఇంటర్వ్యూ ఖరారై ఉంది, ఆయనకీ చెప్పింది. ఆయన సెలవు రోజు ఆమె కోసం ఖాళీ పెట్టుకుని ఉన్నారు. రికమండేషన్లు రాసిన టీచర్లిద్దరికీ స్కూల్లోనే చెప్పింది. స్కూల్ వాడే నావియెన్స్ అనే వెబ్‌సైట్‌లో ఒక్కో కాలేజీ పక్కన విత్‌డ్రా అని మార్చింది. దాన్ని చూసే స్కూల్ కౌన్సెలర్ మిడ్-ఇయర్ రిపోర్టులు ఎక్కడికి పంపాలో తేల్చుకున్నారు.

జనవరి మూడో వారంలో ఎయిడ్ రివ్యూ తేలింది. కొత్త జీతం లెక్కలోకి తీసుకుని గ్రాంటు పెంచారు. ఫ్లాట్ విషయంలో ఏమీ మార్చలేదు. కాలిక్యులేటర్ చూపించిన అంకె దాకా రాలేదు, కానీ తల్లిదండ్రులు అక్టోబర్‌లో రాసిచ్చిన గరిష్ఠ మొత్తం కిందికి వచ్చింది. ఎర్లీ డెసిషన్ పెట్టే ప్రతి కుటుంబం చేత ఏడాదికి ఎంతదాకా కట్టగలరో ఒక అంకె ముందే రాయించి పెట్టుకుంటాను. ఇంట్లో అందరూ చూసేలా. ఆ కాగితం లేకపోతే డిసెంబర్‌లో ప్రతి ప్యాకేజీ తక్కువగానే కనిపిస్తుంది. ఆ అంకె దాటి ఉంటే సీటు వదులుకోమనే చెప్పేదాన్ని, అప్పుడు రట్గర్స్ ఉండేది. దాటలేదు కాబట్టి డిపాజిట్ కట్టి, రట్గర్స్, పిట్స్‌బర్గ్ రెండూ అదే రోజు తీసేశారు.

ఒక చిక్కు మిగిలింది. తీసేసినట్టు మెయిల్‌లో జవాబు వచ్చిన ఒక కాలేజీ నుంచి జనవరి చివర సీటు వచ్చిందని ఉత్తరం వచ్చింది, దాంతో మెరిట్ స్కాలర్‌షిప్ కూడా. ఇది అరుదేం కాదు, ఆఫీసులో ఒక జాబితాలోంచి తీసి ఇంకోదాంట్లోంచి తీయరు. తండ్రి ఆ ఉత్తరం నాకు ఫార్వర్డ్ చేసి ఏమీ రాయలేదు, స్కాలర్‌షిప్ మొత్తం మీద మాత్రం పసుపు రంగు గీత ఉంది. అమ్మాయి అప్పటికే పోర్టల్‌లో డిక్లైన్ నొక్కేసింది.

ఒక మాట: ఇదంతా ఎర్లీ డెసిషన్‌కే. ఎర్లీ యాక్షన్‌లో సీటు వస్తే దేన్నీ తీయక్కర్లేదు, మే 1 దాకా ఆలోచించుకోవచ్చు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, స్టాన్‌ఫర్డ్‌ల ఎర్లీ పద్ధతికి ఎక్కడెక్కడ ముందుగా అప్లై చేయకూడదన్న ఆంక్షలున్నాయి తప్ప సీటు వస్తే చేరి తీరాలన్న కట్టుబాటు లేదు. ఆ నాలుగింటిలో సీటు వచ్చి, భయపడి అన్నీ తీసేయబోయిన కుటుంబాలని ఆపిన సందర్భాలూ ఉన్నాయి. ఎర్లీ డెసిషన్ పద్ధతి న్యాయమైనదేనా అన్నది వేరే చర్చ. 2025 ఆగస్టులో మసాచుసెట్స్ ఫెడరల్ కోర్టులో కొందరు విద్యార్థులు పలు ప్రైవేటు కాలేజీల మీద దీన్ని సవాలు చేస్తూ దావా వేశారు. వాళ్ళ వాదనలో నాకు సబబుగా అనిపించేవి ఉన్నాయి: నాలుగు ప్యాకేజీలు పోల్చి చూసుకునే అవకాశం ఇక్కడ పోతుంది, డబ్బున్నవాళ్ళకి అది నష్టం కాదు. అయితే ఆ అభ్యంతరం ఉంటే అక్టోబర్‌లో సంతకం పెట్టకుండా ఉండాలి.

తమ్ముడి వంతు వస్తోంది. "వీడికి ఎర్లీ డెసిషన్ వద్దండీ. ఎర్లీ యాక్షన్‌లు పెట్టి అన్నీ వచ్చాక పక్కపక్కన పెట్టి చూసుకుంటాం," అన్నారు తండ్రి ఈ మధ్య. ఫ్లాట్ అమ్మే ఆలోచన లేదు, జీతం పాత స్థాయికి ఇంకా రాలేదు. సరేనన్నాను. కాలేజీల జాబితా మాత్రం ఈసారి అబ్బాయి చేత రాయించి తెమ్మన్నాను.